వెలుతురును దాటిన పిట్టకథ

అంబదాసుకు తన నోటి మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. పటం కథ చెప్పేవాడికి ఆ మాత్రం ఉండాల్సిందే. దేవతల బొమ్మలు గీసిన పొడుగాటి బట్టను గుంజకు వేలాడదీసి, బెత్తంతో ఒక్కో బొమ్మనూ చూపిస్తూ, పగలంతా మగ్గం మీద వంగి నడుములు పట్టేసిన నేతగాళ్ళను పొద్దుపోయే దాకా కూర్చోబెట్టడం అందరి వల్లా అయ్యే పని కాదు. అంబదాసు వల్ల అవుతుంది. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా అతనే చెబుతాడు.

కరీంనగర్ జిల్లాలో కొన్ని పద్మశాలి వాడలు వాళ్ళ వంశానికి తాతల నాటి నుంచి హక్కుగా వస్తున్నాయి. ఎండకాలం రాగానే వాడకు పోవాలి, మార్కండేయుడి కథ చెప్పాలి, రోజుకో ఇంట్లో తినాలి, వాడ పెట్టిన బట్టలూ గింజలూ మూట కట్టుకొని మరో వాడకు పోవాలి. ఆ వాడలన్నింటిలో హుస్నాబాద్ పక్కనున్న గట్టుపల్లె పెద్దది. పెంకిది కూడా.

గట్టుపల్లెలో ఒక ఆచారం ఉంది. కథ వినేవాడికి ఏదైనా అనుమానం వస్తే లేచి అరవడు. ఇంటికి పోయి తన మగ్గం నాడెను, అంటే నూలు కండెను కడుపులో పెట్టుకొని పడుగు పోగుల నడుమ అటూ ఇటూ పరుగెత్తే ఆ కొయ్య ముక్కను, తెచ్చి పటం ముందు చాప మీద పెడతాడు. నాడె పెట్టాడంటే కథ అక్కడ ఆగాలి. అనుమానం తీరేదాకా పటం తర్వాతి బొమ్మకు జరగకూడదు. మర్నాడు కథ వేళకు కూడా జవాబు రాకపోతే చెప్పేవాడు పటం చుట్టుకొని పోవాలి, ఆ వాడ హక్కు అతని దాయాదులైన పాలివాళ్ళకు పోతుంది. అంబదాసు తండ్రికి గట్టుపల్లె హక్కు వచ్చింది అలాగే. వచ్చిన దారినే పోకపోతుందా అని పాలివాడు బాలమల్లు ఏళ్ళ తరబడి కాచుకొని కూర్చున్నాడు.

అది వెయ్యిన్నీ తొమ్మిది వందల యాభై ఎనిమిది ఎండకాలం. హుస్నాబాదులో డేరా సినిమా దిగింది. గట్టుపల్లె పడుచువాళ్ళు సాయంత్రమైతే చాలు, మగ్గాల మీద పని ఎక్కడిదక్కడ వదిలి అటు నడుస్తున్నారు. కులపెద్ద లక్ష్మీరాజం ముందటి ఏడే అంబదాసు మొహం మీద అనేశాడు, అవే బొమ్మలు, అవే మాటలు, ముసలోళ్ళకు కూడా కునుకు వస్తోందని. ఇంకో ఏడు చూస్తామనీ, వాకిలి నిండకపోతే ఆపై సంవత్సరం పిలుపు ఉండదనీ చెప్పాడు. వాకిలి నింపడం ఎంత సేపు అని అంబదాసు నవ్వి ఊరుకున్నాడు గాని, ఆ మాట చెవిలో జోరీగలా ఏడాదంతా తిరిగింది. గట్టుపల్లె పోతే మిగతా వాడలు నిలుస్తాయా? ఒక గొర్రె దూకిన చోట మంద దూకకుండా ఉంటుందా?

పటం కథలో చెప్పేవాడికి ఒక వెసులుబాటు ఉంది. పెద్ద కథ నడుమ జనం ఆవులిస్తున్నారని తోస్తే ఒక పిట్టకథ దూర్చవచ్చు. అది పురాణంలో ఉండనక్కరలేదు. నవ్వించవచ్చు, భయపెట్టవచ్చు, ఊళ్ళో వాళ్ళ పేర్లు పెట్టి ఎకసెక్కాలాడవచ్చు. అంబదాసు ఈసారి తన ప్రాణమంతా ఆ పిట్టకథ మీద పెట్టాడు. ముందటి చలికాలంలో రష్యా వాళ్ళు ఆకాశంలోకి బుల్లి చందమామను వదిలారన్న వార్త విని ఊళ్ళకు ఊళ్ళు మెడలు నొప్పి పుట్టేలా పైకి చూశాయి. జనం చూపు ఎటుంటే కథ అటు పోవాలి. అయితే రష్యా చందమామ భూమి చుట్టూ గానుగెద్దులా తిరిగేదే కదా. తన ఓడ చుక్కల దాకా పోవాలి.

చుక్కలు ఎంత దూరమో తెలుసుకోవడానికి హుస్నాబాదులో పౌలు సారు దగ్గరికి పోయాడు. ఆయన మిషన్ బడిలో లెక్కలు చెప్పేవాడు, ఆదివారం చర్చిలో పాటలు పాడించేవాడు, ఏది అడిగినా విసుక్కోని మనిషి. సూర్యుడి వెలుతురు మన దగ్గరికి రావడానికి ఎనిమిది నిమిషాలు పడుతుందనీ, అన్నిటికన్నా దగ్గరి చుక్క నుంచి రావడానికే నాలుగేళ్ళ పైన పడుతుందనీ, వెలుతురును మించి పరుగెత్తేది లోకంలో ఏదీ లేదనీ ఆయన విడమరిచి చెప్పాడు. పైన మెరిసే చుక్క ఇప్పటిది కాదు, ఎప్పుడో బయలుదేరిన దాని పాత వెలుగు అన్నాడు. అంబదాసు అంతా విని, అయితే తన ఓడ వెలుతురును దాటి పోతుందని అక్కడికక్కడే తేల్చేశాడు.

పౌలు సారు కడుపారా నవ్వాడు.

"ఉన్న లోకంల పోదు. కథల పోతె పోనియ్యి, ఎవలద్దన్నరు? కాని అంబదాసూ, అబద్ధానికి గూడ ఒక కట్టుబాటుండాలె. ఒక్కటే అబద్ధమాడు. దానికి కట్టుబడి ఉండు. దాన్ని నిలవెట్టెటందుకు రెండోది ఆడినవనుకో, మొదటిది గూడ ఎవ్వలు నమ్మరు."

ఆ మాట అంబదాసుకు అంత రుచించలేదు. అబద్ధాలను లెక్కపెట్టుకుంటూ కథ చెప్పేవాడిని అతను ఎన్నడూ చూడలేదు. సరే సారూ అని చేతులు జోడించి, అక్కడి నుంచి తిన్నగా నకాషీ కైలాసం ఇంటికి పోయాడు. పటాల మీద బొమ్మలు గీసేది నకాషీలే. వెలుతురును దాటి పోయే ఓడ బొమ్మ కావాలి, దానికి చక్రాలుండవు, రెక్కలుండవు, గుర్రాలు అసలే అక్కర్లేదు అని చెప్పి, బొమ్మ అయ్యాక తెప్పించుకున్నాడు. విప్పి చూస్తే ఎర్రటి ఆకాశంలో చక్కటి ఓడ ఉంది, చుట్టూ చుక్కలున్నాయి, ఓడకు ఎదురుగా రెండు తెల్ల గుర్రాలు ఓడ వైపే మొహం పెట్టి తీరిగ్గా నిలబడి ఉన్నాయి. మండిపడి పోయి అడిగితే కైలాసం ఇంకా మండిపడ్డాడు. గుర్రాలు లేని రథాన్ని తన తాత గీయలేదు, తండ్రి గీయలేదు, తానూ గీయడు. అక్కర్లేదన్నావు కనుకనే విప్పి పక్కన నిలబెట్టాను, అంతకన్నా ఏం చెయ్యమంటావు అన్నాడు. రంగు ఆరిపోయింది, కథ రోజు దగ్గరికి వచ్చేసింది. ఆ గుర్రాలను ఏం చేసుకోవాలో తెలియక, పటం చుట్టుకొని అంబదాసు గట్టుపల్లె బాట పట్టాడు.

గుడి ముందరి వాకిట్లో పందిరి వేశారు. తమ్ముడు ముత్యం మద్దెల వాయిస్తుండగా అంబదాసు మార్కండేయుడి పుట్టుక దాకా బాగానే నడిపాడు. వాకిలి సగం ఖాళీ. వచ్చిన సగంలో సగం ఆవులింతలు. ఇక లాభం లేదని, పటం పక్కన కొత్త బొమ్మ వేలాడదీసి పిట్టకథ ఎత్తుకున్నాడు. గట్టుపల్లె నేతగాడు ఒకడు, చీర అంచుకు భూమ్మీద లేని రంగు కావాలని పంతం పట్టాడట. ఆ రంగు ఒక చుక్కలో ఉందట. వెలుతురు పోతేనే ఏళ్ళు పట్టే దూరం. వాడు వెలుతురును దాటి పరుగెత్తే ఓడ ఎక్కి, పొద్దున చద్ది తిని పోయి, పొద్దుగూకే వేళకు రంగు కుండ చంకన పెట్టుకొని వచ్చాడట. జనం కళ్ళు విప్పారు. ఖాళీగా ఉన్న ఆ గుర్రాలేమిటని ఎవరో అడిగారు, అందరూ నవ్వారు, అంబదాసు కూడా నవ్వి దాటేశాడు. కథ రక్తి కట్టిందని అనుకుంటూ ఉండగానే లక్ష్మీరాజం లేచి ఇంటికి పోయి నాడెతో తిరిగొచ్చాడు.

లక్ష్మీరాజానికి ఆ వాడలో అందరికన్నా ముందు సైకిలు వచ్చింది. చక్రం తిరిగితే వెలిగే దీపం కూడా ఉంది దానికి. ఆయన ఏ న్యాయం చెప్పినా అందులో ఆ సైకిలు ఎక్కడో ఒక చోట వచ్చి తీరుతుంది.

నాడెను చాప మీద పెట్టి అన్నాడు, "నేను ఎంత దబ్బదబ్బ తొక్కినా నా దీపం ఎలుగు నాకంటె ముందు పోతది. గందుకే బాట కనవడ్తది. నీ ఓడ ఎలుగును దాటి పోయిందంటివి. అంటే దీపం ఎలుగు ఎనకనే పడిపాయె. ముందటంత చీకటి. గా చీకట్ల సుక్క ఏదో గుట్ట ఏదో వానికెట్ల తెలిసె? ఎట్ల పోయిండు, ఎట్ల వచ్చిండు?"

వాడికి దేవుడు దివ్యదృష్టి ఇచ్చాడని అంబదాసు వెంటనే అందుకున్నాడు. దివ్యదృష్టే ఉంటే ఇంట్లో కూర్చునే చుక్కను చూసేవాడు కదా, ఓడ దేనికని ఒక ముసలాయన వెనక నుంచి అన్నాడు. జనం గొల్లుమన్నారు. అంబదాసు నోటి దాకా మరో మాట వచ్చింది. ఓడ ముందర మాయమణి ఒకటి ఉందని చెబుదామనుకున్నాడు. పౌలు సారు అన్నది అప్పుడు తలకెక్కింది. ఒక అబద్ధం కూలకుండా ఉండడానికి ఇప్పటికే రెండోది గుంజగా పాతాడు, మూడోది పాతబోతున్నాడు, పందిరి మొత్తం వంగిపోతోంది. నోరు మూసుకొని, రేపు చెబుతానని నాడె మీద చెయ్యి పెట్టి ఒప్పుకున్నాడు.

ముత్యం ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. బాలమల్లుకు కబురు అప్పుడే చేరి ఉంటుందని బెంగపెట్టుకున్నాడు. అంబదాసు మాత్రం కడుపు నిండా తిని గుర్రు పెట్టి నిద్రపోయాడు. తనకు జవాబు దొరక్కపోవడమనేది ఉండదు, ఎక్కడుందో తెలియాలంతే అన్నది అతని ధోరణి.

మర్నాడు పొద్దున తిండి వంతు చంద్రవ్వ ఇంట్లో పడింది. ఆమె తన మరిది అంతయ్య ఇంట్లోనే ఒక గదిలో ఉంటుంది, అతని మగ్గానికి కండెలు చుట్టి పెడుతుంది. ఆమె మొగుడు హనుమంతు పోలీసు యాక్షనుకు ముందటి వానకాలంలో, రజాకార్ల గడబిడ నడుస్తున్నప్పుడు, చీరల మూట నెత్తిన పెట్టుకొని సంతకు పోయాడు. మళ్ళీ రాలేదు. ఊరు దాటాక బాట రెండుగా చీలుతుంది. ఒకటి వాగు మీదుగా, ఇంకొకటి గుట్ట పక్కగా. ఎటు పోయాడో చూసినవాళ్ళు లేరు, చచ్చాడని చెప్పినవాళ్ళూ లేరు. పదేళ్ళయినా చంద్రవ్వ బొట్టు తీయలేదు. ఎవరూ తీయమనలేదు. గట్టుపల్లె ఎంత పెంకిదైనా ఆ ఒక్క విషయంలో నోరెత్తదు.

జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, నిన్న కథ మంచిగా చెప్పావని ఒక్క మాట అని ఆమె కండెల దగ్గరికి పోయింది. అంబదాసు రొట్టె తుంచుకుంటూ అంతయ్య నేయడం చూస్తూ కూర్చున్నాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని అంతయ్య కూర్చున్నాడు. నేసిన బట్ట చెయ్యి అందనంత ముందుకు పోగానే, పడుగును వదులు చేసి, ఒళ్ళో ఉన్న దుంగకు ఆ బట్టను చుట్టుకున్నాడు. అవతలి గోడ దగ్గరున్న నూలు ఇవతలికి జరిగింది. మళ్ళీ నేశాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. పొద్దుటి నుంచి అంతయ్య కూర్చున్న చోటు నుంచి జానెడు కదలలేదు. గోడ దగ్గరి నూలు మాత్రం నడిచి నడిచి అతని ఒళ్ళోకి వస్తోంది.

అంబదాసు చేతిలోని రొట్టె చేతిలోనే ఉండిపోయింది. పుట్టినప్పటి నుంచి వందల మగ్గాలు చూశాడు, ఇన్నాళ్ళూ చూసింది చూపే కాదనిపించింది. ఓడ పరుగెత్తడమెందుకు? పరుగెత్తితేనే కదా వెలుతురుతో పందెం! ఆ మరుక్షణమే కైలాసం గీసిన గుర్రాలు గుర్తొచ్చి ఎంత గట్టిగా నవ్వాడంటే, అంతయ్య కాలు తొక్కుడు చెక్క మీద తప్పి ఒక పోగు తెగింది. ఆ పోగు ముడి వేసేదాకా అంబదాసు చీవాట్లు తిన్నాడు, అవి కూడా రొట్టెతో పాటు కమ్మగానే దిగాయి.

ఆ సాయంత్రం వాకిలి నిండి గుడి మెట్ల దాకా జనం కూర్చున్నారు. నాడె పెట్టిన సంగతి చుట్టుపక్కలకు పాకింది. డేరా సినిమా మానుకొని పడుచువాళ్ళు వచ్చారు. పౌలు సారు వచ్చి ఒక అరుగు మీద చోటు చేసుకున్నాడు. వెనక వరసలో బాలమల్లు చలువ బట్టలు కట్టుకొని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చి కూర్చున్నాడు. వీళ్ళలో సగం మంది తను మట్టి కరవడం చూడ్డానికే వచ్చారని అంబదాసుకు తెలుసు. అయితేనేం, వాకిలి నిండింది కదా! మీసం దువ్వుకొని కొత్త బొమ్మ ముందు నిలబడ్డాడు.

"పెద్దయ్యా, నిన్న నేను తప్పు చెప్పిన. దివ్యదృష్టి లేదు, గివ్వేమి లేవు. ఓడ ఉరుకనే ఉరుకది. మీరు మగ్గం మీద కూసున్నరు. గోడ కాడి పడుగు మీ ఒళ్ళెకు వస్తది. మీరు ఉరికిండ్రా? గీ ఓడ గూడ గంతే. ఉన్న కాడనే ఉంటది. ముందటి ఆకాశం చుట్టుకొని దాని కాడికి వస్తది. ఓడల దీపం, ఇంట్ల దీపం లెక్కనే ఎలుగుతది. అది దేనితోని పందెం పెట్టుకోలే, దేని ఎనక పడలే. సుక్కనే నడిచి వాకిట్లకు వచ్చింది."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంబదాసు బెత్తం గుర్రాల మీద పెట్టాడు. నిన్న వీటిని చూసి నవ్వారు కదా, ఇవి ఓడకు కట్టిన గుర్రాలు కావు, అందుకే ఎదురుగా నిలబడ్డాయి, ఆకాశాన్ని పళ్ళతో కరచి ఓడ వైపు ఈడ్చుకొస్తున్నాయి అని చెప్పాడు. నకాషీ కైలాసం ఎంత తెలివిగలవాడో అని కూడా ఒక మాట వేశాడు. ఆ మెప్పు కైలాసానికి చేరితే ముందు నివ్వెరపోయి, తర్వాత నమ్మేస్తాడని అతనికి బాగా తెలుసు.

లక్ష్మీరాజం అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఆకాశం మొత్తం ఇటు జరిగితే మిగతా చుక్కలు ఒకదాని మీద ఒకటి పడవా, లోకం ఆగమవదా అని అడిగాడు. మీ మగ్గం మీద బట్ట చుట్టుకుంటే పక్కింటి మగ్గం కదులుతుందా అని అంబదాసు ఎదురడిగాడు. ఎవరి ఓడ ముందున్న పడుగు వాళ్ళదే, మిగిలిన ఆకాశానికి ఆ సంగతే తెలియదన్నాడు. లక్ష్మీరాజం గడ్డం గోక్కున్నాడు. సైకిలును ఎక్కడ ఇరికించాలో తోచినట్టు లేదు. వంగి నాడె తీసుకొని ఒళ్ళో పెట్టుకున్నాడు. వాకిలంతా ఊపిరి వదిలింది. అరుగు మీద పౌలు సారు రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. ముత్యం మద్దెల మీద వాయించిన దెబ్బకు గుడి మీది పావురాలు లేచాయి.

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. గెలిచిన నోరు ఊరుకోదు కదా. అంబదాసు ఇంకో బొమ్మకు జరగబోతూ, పోతూ పోతూ ఒక మెరుపు మెరిపిద్దామనుకున్నాడు. ఓడ చుక్కను చేరాక వెనక్కి తిరిగి చూస్తే ఏం కనిపిస్తుందో తెలుసా అన్నాడు. వెలుతురు మెల్లగా నడిచి వస్తుంది, ఓడ ముందే చేరింది. కాబట్టి అక్కడికి అప్పుడే అందేది గట్టుపల్లె పాత వెలుతురు. ఎంత దూరం పోతే అంత పాత రోజు. దొరల గడీలూ నైజాం నాణేలూ ఇంకా అక్కడ కనబడుతూనే ఉంటాయి అని చెప్పి నవ్వించాడు.

ఆడవాళ్ళు కూర్చున్న వైపు చంద్రవ్వ లేచి నిలబడింది. నవ్వు దానంతటదే ఆగిపోయింది.

"తమ్మీ, పదేండ్ల కిందటి దినం గూడ కనవడ్తదా?"

కనబడుతుందని అంబదాసు అన్నాడు.

"మా ఆయన మూట ఎత్తుకొని పోయిన దినం. వాగు బాటన పోయిండో గుట్ట బాటన పోయిండో ఇప్పటి దాక ఒక్కలు చెప్పలే. నీ ఓడకెల్లి చూస్తె కనవడ్తదా?"

ముత్యం చేతులు మద్దెల మీద ఉండిపోయాయి. వెనక వరసలో బాలమల్లు మెడ సాచాడు. ఇంతమందిలో, ఇన్నేళ్ళలో, అంబదాసుకు మొదటిసారి భయం వేసింది. కనబడదు అంటే ఇప్పుడే నిలబెట్టిన కథ అబద్ధమవుతుంది, నాడె మళ్ళీ చాప మీదికి వస్తుంది, పిలుపు బాలమల్లుకు పోతుంది. కనబడింది, వాగు దాటి పోయాడు, ఫలానా ఊళ్ళో సుఖంగా ఉన్నాడు అంటే వాడ మొత్తం ఏడ్చి అతని కాళ్ళు మొక్కుతుంది. ఆ మాట నాలుక చివర ఉంది. అలాంటి మాటలు అల్లడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. కానీ ఓడ గురించి ఆడిన అబద్ధం వేరు, ఈమె మొగుడి గురించి ఆడే అబద్ధం వేరు. మొదటిది కథ, రెండోది పాపం. చంద్రవ్వ రేపు పొద్దున ఆ ఊరికి నడిచి పోతుంది మరి.

పటం ముందు నుంచి రెండడుగులు పక్కకు జరిగాడు.

"కనవడ్తది అక్కా. కాని నేను చూడలే, చూడంది చెప్ప. ఓడ నాది, ఎట్ల నడుస్తదో నేను చెప్త. దినం నీది. ఎలుగు ఒక్కటే వస్తది, మాట రాదు, చెయ్యందది. నువ్వే ఎక్కు. యాడ ఆపుమంటె ఆడ ఆపుత."

చంద్రవ్వ కొంగు నడుముకు దోపుకొని, ఆడవాళ్ళ మధ్య నుంచి నడిచి వచ్చి బొమ్మ ముందు కూర్చుంది. "నడువనియ్యి" అంది.

అంబదాసు బెత్తాన్ని ఓడ దగ్గర పెట్టి, ఎర్రటి ఆకాశం మీదుగా మెల్లగా జరిపాడు. పాట లేదు, మద్దెల లేదు. నిన్నటి గట్టుపల్లె వెనక్కి పోయిందని చెప్పాడు. రెండు పంటల కిందటి కరువు పోయిందన్నాడు. పోలీసు యాక్షను మిలట్రీ మోటార్లు పోయాయన్నాడు. ప్రతి మాటకూ చంద్రవ్వ తల ఊపింది. వాడలో అందరూ తమ తమ ఇళ్ళను ఆ బట్ట మీద వెతుక్కుంటున్నట్టు ముందుకు వంగారు.

"గా వానకాలం వచ్చింది అక్కా. గా పొద్దుగాల. ఆపాల్నా?"

చంద్రవ్వ బొమ్మ వైపే చూసింది. అంబదాసు బెత్తం అక్కడే పట్టుకొని నిలబడ్డాడు. చెయ్యి నొప్పి పుట్టినా దించలేదు.

"ఆపకు" అంది చివరికి. "పదేండ్లాయె గా బాటనే సూడవడితి. పండుకున్నా గదే బాట, లేసినా గదే బాట. ఇంక సాలు. గా దినం దాటిపోనియ్యి. ముందటికి నడువనియ్యి."

బెత్తం కదిలింది. లక్ష్మీరాజం లేచాడు. చేతిలో నాడె ఉండటం చూసి ముత్యం అదిరిపడ్డాడు గాని, ఆయన గుడిలోకి పోయి పళ్ళెంలో టెంకాయ, ఆకులు, వక్కలు పెట్టుకొని వచ్చాడు. వచ్చే ఏటి పిలుపు తాంబూలం అది. కథ మంగళం పాడాక గాని ఇవ్వరు దాన్ని. నడి కథలో ఇవ్వడం గట్టుపల్లెలో ఎన్నడూ జరగలేదు. ఆయన ఏమీ అనకుండా పళ్ళేన్ని అంబదాసు కాళ్ళ దగ్గర దించి, చంద్రవ్వ పక్కనే నేల మీద కూర్చున్నాడు. వెనక వరసలో బాలమల్లు చెప్పులు వెతుక్కుంటున్నాడు. అంబదాసు అటు చూడలేదు. అతని కళ్ళు బెత్తం కొసమీదే ఉన్నాయి.

"యాడి దాక పోదాం అక్కా?"

"మేము కొత్తగ మగ్గం పెట్టిన దినం దాక. లగ్గమై నెల గూడ గాలే. పడుగు పోగు తెగితె, అత్తగారింట్ల అందరు సూస్తుండంగ, ముడెయ్య రాక నా దిక్కు సూసిండు. ఎవలకు కనవడకుంట నేనే ఏసిన." చంద్రవ్వ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "గాడ ఆపు తమ్మీ. జరసేపు సూస్త."

అంబదాసు అక్కడ ఆపాడు. ఆ సాయంత్రం మార్కండేయుడి కథ ముందుకు సాగలేదు, సాగమని ఎవరూ అనలేదు.